దోరన్‌బెక్ అగాయ్ చేతుల తనిఖీ

మా విశ్వవిద్యాలయంలో పిల్లల నడవడి దిద్దడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆయన పేరు దోరన్‌బెక్ రిస్కులొవ్, హోదా ఉపడీన్. పిల్లలు నాలాంటి ఆడ మాస్టర్లని 'ఎజే' అనీ, మగ మాస్టర్లని 'అగాయ్' అనీ పిలుస్తారు, ఆయన్నీ అగాయే అంటారు. ఆయన అటు తిరగ్గానే ఏమని పిలుస్తారో ఇక్కడ రాయను. ఇరవై ఏళ్ళుగా ఆయన గదీ నా గదీ ఎదురెదురు. నేను భూగోళం చెబుతాను. ఆయన ఏం చెబుతాడో నాకిప్పటికీ తెలీదు.

ఆయన పుట్టింది ఎత్తు కొండల్లో, వేసవి మేతకి వేసుకున్న గుడారంలో. తొలిచూలు పిల్లవాడు గనక మా ఆనవాయితీ ప్రకారం పాలు మాన్పించగానే తాతా నాయనమ్మా తీసుకుపోయి తమ బిడ్డగా పెంచుకున్నారు. అంచేత ఆయనకి నాయనమ్మే అమ్మ, తాతే నాన్న. కన్నతండ్రిని అన్న అనీ కన్నతల్లిని వదిన అనీ పిలిచేవాడు. ఇలా పెరిగినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు, ఇందులో వింతేం లేదు. వింతల్లా దాన్ని ఆయన పతకంలా తగిలించుకు తిరగడం. "నాది తాత చేతి పెంపకం!" అంటాడు రొమ్ము విరుచుకుని. పండగనాడు ఉడికించిన గొర్రె తలలో చెవి ఎప్పుడూ తనకే పెట్టేవారట. అన్ని చెవులు తిన్న మనిషికి ఎదుటివాళ్ళ మాట ఒక్కటీ వినబడదు.

చదివింది పశువుల శాస్త్రం. ఒక్క గొర్రెకైనా సూది వేసిన పాపాన పోలేదు. పాత రాజ్యం ఉన్నన్నాళ్ళూ యువజన సభల్లో ఉపన్యాసాలిచ్చాడు. ఆ రాజ్యం కూలింది, పశువుల క్షేత్రాలు మూతబడ్డాయి, ఉపన్యాసాలు మాత్రం ఆయన దగ్గర చెక్కుచెదరకుండా మిగిలాయి. వాటిలో పార్టీ అన్న చోటల్లా పూర్వీకులు అని మార్చి, నైతిక విలువలు అని పేరు పెట్టి మా పిల్లల నెత్తిన రుద్దడం మొదలుపెట్టాడు. శుక్రవారం తెల్ల ఉన్ని టోపీ పెట్టుకొస్తాడు, ఆ రోజు ఉపన్యాసం ఇంకాస్త పొడుగు.

ప్రతి ఏడూ కొత్త పిల్లలకి ఆయన చెప్పే కథ ఒకటుంది. మేమందరం కంఠతా పట్టేశాం. ఆయన రెండో సంవత్సరం చదువుతుండగా పశువుల ఎముకల పరీక్ష రోజు పొద్దున్నే కబురొచ్చిందట, వదిన పోయిందని. వదినంటే కన్నతల్లి. "నేను పరీక్ష రాసే కదిలాను! అయిదుకి అయిదు తెచ్చుకున్నాను! మా ఊరు వెళ్ళేసరికి మట్టి కూడా కప్పేశారు. ఒక్క చుక్క కన్నీరు కార్చానా? అదీ మనోబలం అంటే!" అని బల్ల గుద్దుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టకపోతే హాజరు పడదు మరి.

ఇంత మనోబలం ఉన్న మనిషికి కుడిచేతి బొటనవేలి కింద కండ ఎప్పుడూ ఎర్రగా చితికి ఉంటుంది. మీటింగులో ఎవరైనా కాస్త ఎదురు చెబితే చాలు, ఆ చెయ్యి నోట్లోకి పోతుంది. ఏమైందని అడిగితే చలికి పగిలిందంటాడు. జూలైలో కూడా చలికే పగులుతుంది ఆయన చెయ్యి.

కొన్నేళ్ళ కిందట పక్క లోయలోని కాలేజీలో పిల్లలు తమను తామే గాయపరచుకుంటున్నారని గోల లేచింది. పిల్లల మనసు ఎలా ఉందో కనిపెట్టి ఉండండి అని పైనుంచి అందరికీ హుకుం వచ్చింది. మా దగ్గర మనసు చూసే డాక్టరు ఉద్యోగం ఒకటి ఉండనైతే ఉంది, మనిషి లేడు. ఆ గదిలో చీపుర్లు పెట్టుకుంటారు. "దీనికి డాక్టరెందుకు, నేను లేనూ?" అన్నాడు దోరన్‌బెక్. మనసుని ఎక్కడ చూడాలో ఆయన ఇట్టే కనిపెట్టేశాడు. చొక్కా చేతులు పైకి మడిపిస్తే కనబడుతుందట.

అప్పట్నించీ చేతుల తనిఖీ మొదలైంది. అమ్మాయిలు వరసగా నిలబడి రెండు చేతులూ మోచేతుల దాకా ఎత్తి చూపించాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మేత మైదానంలో మందని చూసుకున్నట్టు చూసుకుంటూ పోతాడు. మగపిల్లలకి తనిఖీ లేదు. "మగాళ్ళకి అలాంటి రోగాలుండవు" అంటాడు. మగపిల్లల వసతి గృహంలో స్నానాలగది పక్క గోడకి పిడికిళ్ళంత గుంటలున్నాయి, కొన్నిటి మీద ఎండిన మరకలు కూడా ఉన్నాయి. దానికాయన పెట్టిన పేరు రౌడీతనం. సున్నం కొట్టించాడు. మళ్ళీ గుంటలు పడ్డాయి, మళ్ళీ కొట్టించాడు.

ఎందుకిలా చేసుకుంటారు అగాయ్ అని ఎవరో అడిగితే, "ఫోన్లు, బిగుతు పేంట్లు, పొద్దున్నే సాసేజీలు తినడం" అని వేళ్ళు మడిచి చెప్పాడు. ఆ పెద్దమనిషి చేతిలో మా పిల్లల్ని పెట్టాం.

కెరెజ్ నా విద్యార్థిని, రెండో సంవత్సరం. ఆట్‌బాషీ లోయ వైపు పిల్ల. కొండల పటాలు గీయడంలో ఆ పిల్లని కొట్టేవాళ్ళు లేరు. అయినా ఒక గీత వెంట్రుకవాసి పక్కకి పోతే చాలు, కాగితం చిరిగేదాకా చెరిపి మళ్ళీ గీసేది. బాగుందే అంటే నేనేదో వెక్కిరించినట్టు మొహం పెట్టేది. శరదృతువులో వాళ్ళ నాయనమ్మ పోయిందని ఊరెళ్ళి, వారం తిరక్కుండానే తిరిగొచ్చింది. అప్పట్నించీ నలుగురిలో కూర్చోవడం మానేసింది. తిండి పళ్ళెం పుచ్చుకుని కిటికీ దగ్గర నిలబడి తినేది. గది వెచ్చబరిచే గొట్టాల్లో వేడినీళ్ళు మరిగి క్లాసులో అందరం చెమటలు కక్కుతున్నా ఉన్ని స్వెట్టరు విప్పేది కాదు.

మార్చి నెలలో, కొత్త ఏడు మొదలయ్యే నూరుజ్ పండగ ముందు రాజధాని నుంచి పెద్దలొస్తారని ఆయన పెద్ద సభాశాలలో తనిఖీ పెట్టాడు. కెరెజ్ వంతు వచ్చింది. స్వెట్టరు చేతులు పట్టుకుని కదలకుండా నిలబడింది.

"మడుచు."

"అగాయ్, వేరే గదిలో చూపిస్తాను."

"వేరే గదిలో నీకేమన్నా పెళ్ళిచూపులా? మడుచు!"

మడిచింది. ఆయన ఆ మణికట్టు పట్టుకుని, సంతలో కొన్న సరుకులా పైకెత్తి చూపించాడు. "చూడండి! అందరూ చూడండి! తాత ముత్తాతలు యుద్ధాల్లో గాయాలు తిన్నారు, ఈమెగారు హాయిగా పక్కమీద కూర్చుని తింటోంది. సిగ్గు లేదూ?"

ఆ పిల్ల మొహంలో ఏడుపు లేదు. ఆ సంగతి నాకిద్దరు అమ్మాయిలు పరుగెత్తుకొచ్చి చెప్పారు. నేను తిన్నగా ఆయన గదిలోకి పోయాను.

"ఏం చేస్తావా పిల్లని?"

"ఇంటికి పంపించేస్తా. పేరు కొట్టేస్తా. పెద్దలొచ్చి చూస్తే నా పరువేం కాను?"

"నీ పరువు చట్టుబండలు కాను. ఇంటికి పంపితే ఆ పిల్లేమవుతుందో ఆలోచించావా?"

"తల్లికి కబురెట్టాను, రేపొస్తుంది. నాలుగు తగిలిస్తే అదే దార్లో పడుతుంది. ఊల్కన్, నువ్వు కొండలు గీసుకో. మనుషుల సంగతి నాకొదిలెయ్."

"నీ చదువు గొర్రెల సంగతి కదయ్యా!"

"రెంటికీ ఒకటే మందు. మందలోంచి పక్కకి పోయిందానికి కర్రతో ఒక్కటిస్తే సరి." చెయ్యి నోట్లో పెట్టుకుని, నాకింక పనుంది అన్నట్టు కాగితాలు కెలికాడు. ఆ కాగితాల్లో ఏమీ ఉండదని మా అందరికీ తెలుసు.

కెరెజ్‌ని నా గదికి తీసుకుపోయి టీ పోశాను. పాలు, ఉప్పు వేసిన టీ, వాళ్ళ లోయలో తాగినట్టు. చాలాసేపు గిన్నెని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను ఊరికే పటాలకి రంగు వేస్తూ కూర్చున్నాను. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"చచ్చిపోదామని కాదు ఎజే. అందరూ అదే అనుకుంటారు."

"నేననుకోలేదు."

"ఏడుపు రాదు. లోపలంతా మొద్దుబారి ఉంటుంది. నామీద నాకే అసహ్యం. నన్ను నేనే శిక్షించుకుంటే కాసేపు సర్దుకున్నట్టుంటుంది. కాసేపే. తర్వాత ఇంకా సిగ్గు. ఆ సిగ్గుకి మళ్ళీ..." ఆగిపోయింది. "ఇది చెప్పడానికి మాటల్లేవు ఎజే. చెప్పడానికి మనుషులూ లేరు."

అప్పుడు తెలిసింది నాకు. పోయినామె ఈ పిల్లకి నాయనమ్మ కాదు, అమ్మ. తాతా నాయనమ్మల దగ్గరే పెరిగింది. తాత ముందే పోయాడు. కన్నతల్లి బాత్మా ఆ ఇంట్లోనే కోడలు, ఈ పిల్ల ఆమెని వదినా అనే పిలుస్తుంది. చావునాడు గుడారం వేశారు. ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు తీస్తుంటే, కెరెజ్ వెళ్ళి కూతుళ్ళ వరసలో కూర్చుంది. మేనత్త వచ్చి భుజం తట్టింది. "నువ్వు మనవరాలివే, ఇక్కడ నీకేం పని? లేచి వచ్చినవాళ్ళకి టీ పొయ్యి" అంది. లేచి మూడు రోజులూ టీ పోసింది. వచ్చినవాళ్ళు కూతుళ్ళని కావలించుకుని పలకరించారు. టీ పోసే పిల్లని పలకరించాల్సిన అవసరం ఎవరికుంటుంది?

"వదిన చూస్తూనే ఉంది ఎజే. ఏమీ అనలేదు" అంది కెరెజ్. "ఇప్పుడా ఇంటికి పంపిస్తారు నన్ను. అమ్మ పడుకున్న చోట గోధుమ పిండి బస్తాలు పెట్టారు. అక్కడ ఒక్కదాన్నే ఉంటే నన్ను నేను ఆపుకోగలనని నమ్మకం లేదు."

ఆ రాత్రి తనని ఒంటరిగా వదలకుండా మా ఇంట్లో పడుకోబెట్టుకున్నాను. దోరన్‌బెక్ మాత్రం హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయి ఉంటాడు, మనోబలం ఉన్న మనిషి కదా.

మర్నాడు బాత్మా వచ్చింది. బక్కపలచటి మనిషి, తలకి ముదురు రుమాలు, చేతిలో నూనెలో వేయించిన రొట్టెముక్కల మూట. ఉపడీన్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. కెరెజ్ తలుపు పక్కన నిలబడింది. నేను ఎవరూ పిలవకుండానే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన పొమ్మన్నాడు, నేను పోలేదు.

"నువ్వేనా తల్లివి?" అన్నాడు బాత్మాతో.

బాత్మా కెరెజ్ వైపు చూసి తల దించుకుంది. "వదినని" అంది మెల్లగా.

"ఆహా! తెలుసు, తెలుసు. తాత పెంపకం! నాకు చెప్పాలా? నేనూ అలా పెరిగినవాణ్ణే. నన్ను కన్నదాన్ని చచ్చేదాకా వదినా అనే పిలిచాను. నాకేమైంది? చెడిపోయానా? పిచ్చెక్కిందా? మనిషినయ్యాను!" అని బల్ల గుద్ది, గుద్దిన చేతినే నోటికి పెట్టుకున్నాడు. "సరే విను. నాది జాలిగుండె. నా కళ్ళ ముందు, ఇక్కడే, దీని రెండు చెంపలూ వాయించు. సిగ్గు తెచ్చుకుందని నాకు నమ్మకం కుదిరితే చదువుకోనిస్తా. లేదా, పెట్టె సర్దించి ఇవాళ్టి బండికే తీసుకుపో."

బాత్మా లేచింది. మూట కుర్చీలో పెట్టింది. కెరెజ్ కళ్ళు మూసుకుని, చెంప కాస్త ముందుకి పెట్టింది. దెబ్బ తింటే చదువు మిగులుతుందని లెక్క వేసుకున్నట్టుంది, పిచ్చిపిల్ల. నేను అడ్డం పోబోయాను.

బాత్మా కొట్టలేదు. ఆ పిల్లని గట్టిగా కావలించుకుంది. తర్వాత వదిలి, గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ ఆఫీసు గదిలో గొంతెత్తి శోకం తీసింది.

"నీ తల దువ్విన చెయ్యి మట్టిలో కలిసిందే
నీ పేరు పెట్టి పిలిచిన నోరు మూగబోయిందే
అమ్మ పోయిందే నీకు, నా చిన్ని ఆడపడుచా
కూతుర్ని టీ కాడ నిలబెట్టిరే
కోడల్ని, నోరెత్తలేకపోతినే
ఒక్కరూ నిన్ను పలకరించకపోతిరే..."

కన్నకూతుర్ని ఆడపడుచా అని పిలుస్తూ ఏడ్చింది ఆవిడ. 'నిన్ను నేను కన్నానే' అనలేదు, 'నీ అమ్మని నేనే' అనలేదు. ఆ పిల్లకి పోయింది అమ్మేనని ఒప్పుకుంది. కెరెజ్ ముందు కొయ్యలా నిలబడింది. తర్వాత నేలమీద కూలబడి, నెలలనించీ దాచుకున్నదంతా బయటికొచ్చేలా ఏడ్చింది. "అమ్మా! అమ్మా!" అని అరిచింది.

"ఆపండి! ఇది ఆఫీసు!" అని లేచాడు దోరన్‌బెక్. ఆయన మాట ఎవరు వింటారు? మాలో శోకం వినబడ్డ గుమ్మం ముందునించి ఆగకుండా పోవడం మహాపాపం. వరండాలో పోతున్న లెక్కల మాస్టారు ముందు తలుపు తోశాడు. వెనక రసాయనశాస్త్రం ఆవిడ, వంటశాల ఆడవాళ్ళు, పిల్లలు. ఎవరు పోయారని అడిగారు, ఈ పిల్ల అమ్మ అని చెప్పాను. ఒక్కొక్కరే వంగి కెరెజ్‌ని కావలించుకుని పలకరించారు. నిన్న సభాశాలలో నోరు మూసుకుని నిలబడ్డ అమ్మాయిలు కూడా వచ్చారు. ఆఖరికి మా పెద్ద డీన్ కుబాత్ గారొచ్చారు. ముసలాయన. టోపీ సర్దుకుని, "మీ అమ్మ మీది మట్టి పట్టులా మెత్తగా ఉండాలి తల్లీ" అన్నారు. ఆ తర్వాత దోరన్‌బెక్ వైపు తిరిగి, "దుఃఖంలో ఉన్న పిల్ల, క్లాసులకి మెల్లగా వస్తుంది. చూసుకో" అన్నారు.

డీన్ స్వయంగా పలకరించిన పిల్లని గెంటేయడానికి దోరన్‌బెక్‌కి ధైర్యం ఎక్కడిది? "చిత్తం, నేనూ అదే అంటున్నాను" అన్నాడు. నిజంగా అన్నాడు. నా చెవులారా విన్నాను.

ఆ రోజుతో కెరెజ్‌కి అన్నీ నయమైపోయాయని రాస్తే అది దోరన్‌బెక్ ఉపన్యాసమవుతుంది. జిల్లా ఆసుపత్రిలో మనసు చూసే ఒక అమ్మాయి డాక్టరుంది, వారం వారం ఆమె దగ్గరికి వెళ్తోంది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ ఆ పని చేసుకుంది, వచ్చి నాకు చెప్పింది. చెప్పడమే పెద్ద సంగతి. బాత్మా ఫోన్ చేస్తుంది, ఇద్దరూ వదినా ఆడపడుచుల్లాగే మాట్లాడుకుంటారు. నూరుజ్ సభలో దోరన్‌బెక్ లేచి, తన పెంపకంలో ఒక విద్యార్థిని ఎలా సన్మార్గంలో పడిందో రాజధాని పెద్దలకి వర్ణించి చెప్పాడు. వాళ్ళు ఆయనకి ఒక గోడ గడియారం బహూకరించారు.

ఆయనంటే నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. కానీ ఆ గదిలో ఆఖరున జరిగింది కూడా చెప్పాలి.

అందరూ వెళ్ళిపోయారు. బాత్మా మూట విప్పి, వచ్చినవాళ్ళకి పంచగా మిగిలిన రొట్టెముక్కలు బల్లమీద పెట్టింది. కెరెజ్ మొహం తుడుచుకుని లేచింది. ఆయన ఇంకా బల్ల వెనకే నిలబడి ఉన్నాడు, బొటనవేలి కింద కండ పళ్ళ మధ్య పెట్టుకుని. కెరెజ్ ఆ చేతినే చూసింది. అలాంటివి ఆ పిల్లకి వెంటనే తెలుస్తాయి.

"అగాయ్, మీ వదిన పోయినప్పుడు మిమ్మల్నెవరు పలకరించారు?" అంది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది.

"ఆ రోజు పరీక్ష ఉంది" అన్నాడు ఆయన.

బాత్మా ఒక అడుగు ముందుకేసింది. ఆవిడకి ఆయనెవరో, ఎలాంటివాడో అక్కర్లేదు. గుండెమీద చెయ్యి పెట్టుకుని, "మీ అమ్మ మీది మట్టి పట్టులా మెత్తగా ఉండాలి అన్నయ్యా" అంది.

ఆయన నోట్లోంచి చెయ్యి తీశాడు. తప్పు రాసిన పిల్లవాణ్ణి దిద్దే గొంతుతోనే మొదలుపెట్టాడు గాని, ఆ చెయ్యి మాత్రం బల్లమీది రొట్టెముక్క అందుకుంది.

"అమ్మ కాదు" అన్నాడు, "వదిన."